చదువు సాగాలంటే ఇద్దరికీ పని కావాలి

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఉద్యోగం కోసం వచ్చిన చీటీ లేని వారం ఉండదు. అవి ఎక్కువగా చదువు ముగించినవారి చీటీలు. "ఈ నెల మెస్ బిల్లు, గది కిరాయి కట్టుకోవడానికి సాయంత్రం పూట నాలుగు గంటల పని దొరకాలి" అని చదువుతూ ఉన్నవారు చీటీ రాయరు. అడగడానికి సిగ్గు. పీజీ చదివే పిల్లవాడు పని అడిగితే ఇంటి పరిస్థితి సంఘమంతటికీ తెలిసిపోతుందని భయం. పెళ్లయినవారైతే అసలు నోరు విప్పరు. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల సంఘాల్లో మన పక్కనే కూర్చుని పాటలు పాడుతున్న ఈ బిడ్డల గురించి ఈ వారం మాట్లాడాలని మేము తలంచాము.

నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకు ముందు ఎమ్మెస్సీ, ఎంకాం అంటే చాలామందికి హైదరాబాదు దారి పట్టడమే. ఇప్పుడు దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, మక్తల్ వైపు పల్లెల నుంచి మొదటి తరం పిల్లలు పీజీ తరగతుల్లో కూర్చుంటున్నారు. వలస కూలీకి మారుపేరుగా నిలిచిన పాలమూరుకు, ఫ్లోరైడు నీళ్లతో వంగిపోయిన నడుములను చూసిన నల్లగొండకు ఇది చిన్న సంగతి కాదు. రాష్ట్ర ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్షలో కొన్నేళ్లుగా ఆడపిల్లలే ఎక్కువ సంఖ్యలో అర్హత పొందుతున్నారు. డిగ్రీ కాగానే పెళ్లి చేసే మన ప్రాంతంలో, వారిలో కొందరు చంటిబిడ్డను అత్తగారికో అమ్మకో అప్పగించి తరగతికి వస్తున్నారు.

ఫీజు ప్రభుత్వమే కడుతోంది కదా అని పెద్దలు అంటారు. కట్టేది కళాశాలకు, అదీ సమయానికి కాదు. బకాయిలు విడుదల చేయాలంటూ 2025 నవంబరు మొదటి వారంలో రాష్ట్రంలోని ప్రైవేటు కళాశాలలు మూతపడిన సంగతి పాఠకులకు తెలిసిందే. బకాయి రాలేదని సర్టిఫికెట్ ఆపితే కౌంటరు ముందు నిలబడేది విద్యార్థే. ఫీజు సంగతి తేలినా తిండి, కిరాయి, పుస్తకాలు, జిరాక్సులు అలాగే ఉంటాయి.

పరిశోధన విద్యార్థుల సంగతి ఇంకా కష్టం. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించినవారికి నెలకు 37,000 రూపాయలు వస్తాయి. అది రానివారికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 ఇచ్చే పథకం ఉంది, కాని నల్లగొండ, పాలమూరు వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అది వర్తించదు. క్రైస్తవులతో సహా మైనారిటీ వర్గాల పరిశోధకులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022–23 నుంచి నిలిపివేసింది. ఎస్సీ విద్యార్థుల ఫెలోషిప్ క్రైస్తవులైన దళితులకు రాదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సి వర్గం, వారికున్నది ఒక్క శాతం రిజర్వేషన్. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 ఇస్తామన్నారు గాని, మొదలైనప్పుడు పూర్తికాలం చదువుకునేవారిని దానికి అర్హులుగా చేర్చలేదు. ఇన్ని తలుపులు మూసుకున్నాక మిగిలిన తలుపు ఒక్కటే: చదువుతూ పని చేసుకోవడం.

పని అసలు లేదనలేం. పెళ్లిళ్ల కాలంలో రాత్రిపూట క్యాటరింగ్ ఉంది. పండుగ సీజనులో బట్టల షాపులు మనుషుల కోసం చూస్తాయి. పెట్రోలు బంకులు, మెడికల్ షాపులు, తిండి డెలివరీ ఉన్నాయి. జడ్చర్ల, చౌటుప్పల్ వైపు మందుల కంపెనీల్లో షిఫ్టులు ఉన్నాయి. పత్తి ఏరే రోజుల్లో తరగతి మానేసి కైకిలికి పోయే పీజీ విద్యార్థులూ ఉన్నారు. అయితే వీటిలో చాలా పనులు పగలంతా కావాలంటాయి, లేదా రాత్రంతా కావాలంటాయి. ఉపకార వేతనానికి 75 శాతం హాజరు ఉండాలి. రాత్రి రెండు గంటల దాకా వడ్డించినవాడు ఉదయం పది గంటల తరగతిలో కూర్చోగలడేమో గాని చదవలేడు. వారానికి పదిహేను, ఇరవై గంటలకు మించని, చీకటి పడ్డాక ఒంటరిగా తిరగనక్కరలేని, నెల తిరగగానే జీతం చేతికి వచ్చే పనికే కొరత ఉంది.

ఆ కొరతను సొమ్ము చేసుకునేవారు వెంటనే పుట్టుకొస్తారు. ఇంట్లో కూర్చుని టైపింగ్ చేస్తే వేలల్లో సంపాదన అంటూ ఫోనుకు సందేశం వస్తుంది. ముందు "రిజిస్ట్రేషన్" పేరిట కొంత కట్టమంటారు, తరువాత ఇంకొంత. పని ఇచ్చేవాడు డబ్బు అడిగాడంటే అది పని కాదని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కు ఫోను చేయాలి.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని మాటకు వద్దాం. పెళ్లయిన విద్యార్థికి పని వెతికేటప్పుడు మనం ఆ విద్యార్థినే చూస్తాం. పక్కన ఉన్న భార్యను, భర్తను చూడం. ఒక లెక్క వేసి చూడండి. చదువుకునేవారు వారానికి ఇరవై గంటలకు మించి పని చేస్తే చదువు దెబ్బతింటుంది. భాగస్వామికి ముప్పై, నలభై గంటలైనా వీలుంటుంది. అంటే ఆ ఇంటికి పట్టున నిలిచే జీతం తేగలిగేది చదవని మనిషే. ఆమెకు ఒక మంచి పని దొరికితే అతని చదువు దానంతట అది సాగుతుంది. అతనికి దొరికితే ఆమె పీహెచ్‌డీ ఆగదు.

కాని భర్త చదువు కోసం ఊరు విడిచి నల్లగొండకు వచ్చిన కోడలికి అక్కడ తెలిసినవారు ఉండరు. ఆమె డీఎడ్ చేసి ఉండవచ్చు, నర్సింగ్ చదివి ఉండవచ్చు, కుట్టుపని వచ్చి ఉండవచ్చు. అడిగేవారు లేరు. భార్య చదువు కోసం ఊరు మారిన భర్త మాట సరేసరి. పెళ్లాం చదువుకు కాపలా వచ్చాడని ఎగతాళి చేస్తారు. ఆ మాట మన సంఘాల్లో వినబడకూడదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక, పక్క మండలంలో పని దొరికినా బస్సు ఖర్చు ఇప్పుడు అడ్డు కాదు. బిడ్డను ఎవరు చూసుకుంటారన్నదే పెద్ద అడ్డు.

ఈ లెక్క మరచి దెబ్బతింటున్నది విదేశాలకు పోయే కుటుంబాలు. ఎకరమో రెండెకరాలో అమ్మి, బ్యాంకు అప్పు చేసి పంపే తల్లిదండ్రులకు, అక్కడ పార్ట్ టైమ్ చేసి ఫీజు కట్టుకుంటాడని, కోడలు కూడా సంపాదిస్తుందని ఎవరో ఒకరు నమ్మబలుకుతారు. చట్టాలు ఏమంటున్నాయో తెలుసుకోవాలి. అమెరికాలో విద్యార్థి వీసా మీద ఉన్నవారు చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ విశ్వవిద్యాలయం ఆవరణలోనే పని చేయవచ్చు. బయట పనికి విడిగా అనుమతి ఉండాలి. ఆ విద్యార్థి వెంట ఆధారిత వీసా మీద వెళ్లిన భార్య గాని భర్త గాని అక్కడ పని చేయడానికి వీలులేదు. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి తరగతి చదువుల మాస్టర్స్ విద్యార్థుల్లో చాలామంది కుటుంబాన్ని తీసుకుపోలేరు. కెనడాలో వారానికి 24 గంటలు బయట పని చేయవచ్చు. 2025 జనవరి నుంచి మాస్టర్స్ చదువు కనీసం 16 నెలలు ఉంటేనే ఆ విద్యార్థి భాగస్వామికి పని అనుమతి వస్తుంది. ఆస్ట్రేలియాలో విద్యార్థికి రెండు వారాలకు 48 గంటల పరిమితి ఉంది, మాస్టర్స్ చదివేవారి భాగస్వామికి పరిమితి లేదు. నియమాలు మారుతూ ఉంటాయి గనుక, ఏజెంటు మాట నమ్మి భూమి అమ్మే ముందు ఆ దేశ ప్రభుత్వం ఏమి చెబుతున్నదో చూసుకోవాలి.

అమెరికాలో గంటకు 15 డాలర్లు దొరికిందనే అనుకుందాం. వారానికి 20 గంటలకు 300, నెలకు సుమారు 1,200. గదిలో వాటా, తిండి, ఫోను, బస్సు అయ్యేసరికి అందులో మిగిలేది కొద్దే. ఫీజు దాంతో తీరదు. తీరనప్పుడు చట్టం ఒప్పని పనికి, అర్ధరాత్రి పెట్రోలు బంకు కౌంటరుకు వెళ్లవలసి వస్తుంది. వీసా పోయే ప్రమాదం ఒకటి, ప్రాణం పోయే ప్రమాదం ఇంకొకటి. చికాగోలో, డల్లాస్‌లో బంకుల్లో పనిచేస్తూ కాల్పులకు బలైన మన తెలంగాణ బిడ్డల వార్తలు 2024, 2025లలో చదివి మనం కన్నీరు పెట్టుకున్నాం. ఊళ్లోనైనా, పరదేశంలోనైనా పాఠం ఒక్కటే. పార్ట్ టైమ్ పని తిండికి, కిరాయికి సరిపోతుంది. దాని మీద ఫీజు భారం మోపితే విరిగిపోతుంది.

మరి సంఘం ఏమి చేయగలదు? మన చరిత్రలోనే ఒక దారి ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఆకలితో వచ్చినవారికి గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని చూపించి కూలి చెల్లించాడు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, ఆ సహాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. ఆ బాప్టిస్టు మిషను పనే తరువాత నల్లగొండకు, పాలమూరుకు విస్తరించింది. అంతకంటే ముందు, కొరింథులో పౌలు డేరాలు కుట్టుకుంటూ బతికింది అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట్లో. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఆ ఇద్దరి వృత్తీ కనబడుతుంది, ఆ ఇద్దరి బోధా కనబడుతుంది. భార్యాభర్తలు కలిసి పని చేసిన ఇల్లే ఒక బోధకుని నిలబెట్టింది.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మన విశ్వాసులు, మన సంస్థలు నడిపే పాఠశాలలు, ఆసుపత్రులు, కార్యాలయాలు ఉన్నాయి. వాటిలో కొన్నిచోట్ల చదువుకునే యువతకు పని ఇచ్చి, "ఇది సేవ అనుకో" అంటూ సగం జీతంతో సరిపెట్టడం మనకు తెలియని సంగతి కాదు. జీతం మూడు నెలలకు ఒకసారి ఇవ్వడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం కూడా జరుగుతున్నాయి. సేవ చేయాలనుకున్నవారు ఇష్టంతో చేస్తారు. అవసరం కోసం వచ్చినవారి చేత సేవ పేరిట పని చేయించుకుంటే అది కూలి ఎగ్గొట్టడమే. ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు మన ఇల్లు సరిచేసుకోవాలి.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి సంఘమూ తనలో పీజీ, పీహెచ్‌డీ చదువుతున్నవారి పేర్లు రాసుకోవాలి. పెళ్లయినవారైతే భాగస్వామి చదువు, చేతనైన పని కూడా అదే వరుసలో రాయాలి. ఆ పుస్తకం కాపరి దగ్గర, నమ్మకమైన ఇద్దరు పెద్దల దగ్గర మాత్రమే ఉండాలి. సంఘంలో దుకాణం, క్లినిక్, పాఠశాల, మీసేవ కేంద్రం నడిపేవారిని ఒక్కొక్కరినీ కలిసి, వారానికి పదిహేను గంటల పని ఒకటి చూపమని అడగాలి. పని ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు అన్నది ఒక కాగితం మీద ఉండాలి. పరీక్షల నెలలో సెలవు ఇవ్వాలి. సర్టిఫికెట్లు ఎవరూ ఉంచుకోకూడదు.

వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే ప్రార్థనా మందిరం హాలులో సాయంత్రం ట్యూషన్ పెట్టవచ్చు. పది మంది పిల్లల తల్లిదండ్రులు ఇవ్వగలిగినది ఇస్తే, తక్కువ పడినది సంఘం కలిపితే, ఒక ఎమ్మెస్సీ విద్యార్థి నెల గడుస్తుంది. అదే హాలులో పగటిపూట చంటిపిల్లలను చూసుకునే ఏర్పాటు చేస్తే ఒక తల్లి తరగతికి పోతుంది, చూసుకునే ఇంకొక తల్లికి జీతం వస్తుంది. హైదరాబాదులో, విదేశాల్లో స్థిరపడిన మన సంఘ బిడ్డలు క్రిస్మస్‌కు కానుక పంపుతారు. ఈ ఏడు దానితో పాటు, అక్కడికి రాబోయే విద్యార్థులకు నిజమైన ఖర్చుల లెక్క కూడా పంపమని అడుగుదాం. ఈ సహాయం ఏ సంఘం, ఏ మతం అని చూడకుండా, గుమ్మం తొక్కిన ప్రతి విద్యార్థికీ అందాలి.

సంఘం ఎంత చేసినా ప్రభుత్వ బాధ్యత పోదు. ఉపకార వేతనాలు సమయానికి రావాలని, రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకూ ఫెలోషిప్ ఇవ్వాలని, నిలిపివేసిన మైనారిటీ ఫెలోషిప్‌ను తిరిగి తేవాలని మన నాయకులు అడుగుతూనే ఉండాలి. ఆ జవాబు వచ్చేలోగా ఒక సెమిస్టరు గడిచిపోతుంది. సెమిస్టరు మధ్యలో చదువు మాని ఊరికి తిరిగి వెళ్లిన బిడ్డ మళ్లీ బస్సెక్కడం కష్టం.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మీ సంఘంలో చదువుకుంటున్న దంపతుల దగ్గరకు వెళ్లి, "చదువు ఎలా సాగుతుంది?" అని అడగండి. ఆ వెంటనే ఇద్దరినీ చూసి, "పని ఏమైనా చూడమంటారా?" అని కూడా అడగండి. ఆ రెండో మాట కోసం వారు చాలా రోజులుగా ఎదురు చూస్తూ ఉండవచ్చు.