లెక్కల్లో కనబడని కోత

రాష్ట్ర బడ్జెట్టు వెలువడిన మరునాడు దాజీ పేట్‌లో పత్రిక తెరిచే కళ్ళు మూడు సంగతుల కోసం వెతుకుతాయి. మరమగ్గాల కరెంటు రాయితీ ఏమైంది? జౌళి పరిశ్రమకు ఏమిచ్చారు? బీడీ కార్మికుల ఇళ్ళ మాట ఎక్కడైనా ఉందా? ఆ మూడూ చూసి పత్రిక మడిచేస్తాం. ఉన్నత విద్య పద్దు ఏ పుటలో ఉన్నదో కూడా చూడం. చూడవలసిన అవసరమేమిటని అడిగేవారు మన పెద్దలలోనే ఎక్కువ. మగ్గం నిలిచిపోతుంటే విశ్వవిద్యాలయం గొడవ మనకెందుకన్న ప్రశ్న అన్యాయమైనది కాదు. ఆకలి తెలిసినవారి ప్రశ్న అది. అందుకే దానికి నినాదంతో కాక లెక్కతో జవాబు చెప్పవలసి ఉన్నది.

మొదట గ్రహించవలసిన సంగతి, ఈ కోత కోతలాగా కనబడదు. విశ్వవిద్యాలయాలకు నిధులు తగ్గించామని ఏ ఆర్థికమంత్రీ శాసనసభలో ప్రకటించడు. పద్దు కింద అంకె ఏటేటా పెరిగినట్టే ఉంటుంది. జీతాలు, కరువు భత్యం, పింఛన్లు పెరుగుతుంటే అంకె పెరగక ఏమవుతుంది? కోత జరిగేది మరొకచోట. ఒక అధ్యాపకుడు పదవీ విరమణ చేస్తాడు. ఆ స్థానం ఖాళీ అవుతుంది. భర్తీకి అనుమతి రాదు. భర్తీ కాని స్థానానికి జీతపు గ్రాంటు ఖర్చు కాదు. పాఠం మాత్రం ఆగరాదు కనుక, గంటకింత అని లెక్కగట్టి ఒక నిరుద్యోగ పట్టభద్రుణ్ణి నిలబెడతారు. పాఠాలు లేని నెలలలో అతనికి రాబడి లేదు. మన పేటలో ఈ పద్ధతి తెలియనివారు లేరు. మజూరీ తగ్గించానని ఏ సేఠ్ నోటితో చెప్పాడు? బీము ఇవ్వడం ఆపుతాడు, అంతే.

మహారాష్ట్రలో జరిగినది సరిగ్గా ఇదే. 2017లో అధ్యాపక నియామకాలను నిలిపివేశారు. 2018 నవంబరులో కళాశాలలలో 3,580 సహాయ ఆచార్య పదవుల భర్తీకి అనుమతి వచ్చింది. వాటిలో 1,492 నిండేసరికి 2020లో కోవిడ్ పేరిట మళ్ళీ నిలుపుదల. మిగిలిన 2,088 పదవులకు తిరిగి అనుమతి లభించడానికి 2021 నవంబరు దాకా ఎదురుచూడవలసి వచ్చింది. డిగ్రీ చదువు మూడేళ్ళు. ఒక తరగతి పిల్లలు చేరి, చదివి, పట్టా పుచ్చుకొని వెళ్ళిపోయేంత కాలం ఆ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయన్నమాట. ఖాళీ కుర్చీ మీద రిజర్వేషను కూడా కూర్చోలేదు. ఈ చిన్న నిజాన్ని మన యువకులు ఎంత తొందరగా గుర్తిస్తే అంత మంచిది.

ఈ ఆలోచన ముంబైలో పుట్టినది కాదు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని కొఠారీ సంఘం 1966లో చెప్పింది. 1968 నాటి జాతీయ విధానం ఆ మాటను అంగీకరించింది. 2020 నాటి విధానం మళ్ళీ అంగీకరించింది. ఒకే వాగ్దానాన్ని యాభై రెండేళ్ళ తర్వాత తిరిగి చేయవలసి వచ్చిందంటే దానికి పట్టిన గతి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఈ మధ్యకాలంలో గాలి మారింది. విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో కొంత భాగాన్ని తామే సంపాదించుకోవాలని 1993లో జస్టిస్ పున్నయ్య సంఘం సూచించింది. 1997లో కేంద్ర ఆర్థిక శాఖ సబ్సిడీలపై చర్చాపత్రం వెలువరించి, ఉన్నత విద్యను సబ్సిడీకి అంతగా అర్హం కాని వర్గంలో చేర్చింది. 2000లో అంబానీ, బిర్లాల నివేదిక ఇంకొక అడుగు ముందుకు వేసి, చదువుకునేవారే ఖర్చు భరించాలన్నది. సరిగ్గా ఆ మరుసటి ఏడు, 2001లో, మహారాష్ట్ర ప్రభుత్వం కొత్త విద్యాసంస్థలకు ‘కాయమ్ వినాఅనుదానిత్’ షరతు పెట్టింది. శాశ్వతంగా గ్రాంటు లేకుండానే అనుమతి అని దాని భావం. పాఠశాలల విషయంలో ఆ ‘కాయమ్’ అన్న ఒక్క మాటను తొలగింపజేయడానికి ఉపాధ్యాయులకు 2009 దాకా పట్టింది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. సోలాపూర్ కళాశాలలు ఒకప్పుడు పూణే విశ్వవిద్యాలయం కింద, 1962 తర్వాత కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. కొల్హాపూర్ రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. మార్కుల పట్టీలో పేరు తప్పుపడినా, పట్టా అందకపోయినా, పై చదువుకు చేరాలన్నా, ఆ దూరం పోయి రావాలి. కొడుకును పంపడమే భారమైన ఇంట కూతురిని పంపే మాట ఎక్కడిది? 2004 ఆగస్టు 1న సోలాపూర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒక్క జిల్లాకే ఒక విశ్వవిద్యాలయమా అని ఆనాడు పెదవి విరిచినవారున్నారు. కానీ పొద్దున బీడీలు చుట్టి, మధ్యాహ్నం కార్ఖానాలో కట్టలు అప్పజెప్పే తల్లికి, తన బిడ్డ సిటీబస్సెక్కి ఎం.ఏ. చదివి సాయంత్రానికి ఇల్లు చేరడం ఎంత పెద్ద మార్పో మన పేటల్లో ఎవరిని అడిగినా చెబుతారు. 2019లో ఆ సంస్థకు పుణ్యశ్లోక్ అహిల్యాదేవి హోల్కర్ పేరు పెట్టారు. పేరు విషయంలో ఊరంతా రెండు పక్షాలై వాదించింది. ఆ పట్టుదలలో పదోవంతు గ్రాంటు విషయంలో చూపి ఉంటే బాగుండేది.

విశ్వవిద్యాలయానికి సర్కారు సొమ్ము తగ్గితే మిగిలే దారులు రెండే: అనుబంధ కళాశాలల నుంచి వచ్చే రుసుములు, విద్యార్థుల నుంచి వచ్చే రుసుములు. అప్పుడు ప్రతి శాఖనూ అది తలలు లెక్కపెట్టి తూచడం మొదలుపెడుతుంది. ఎక్కువ రుసుము కట్టేవారున్న కోర్సు బతుకుతుంది. కొద్దిమంది చదివే కోర్సు బరువవుతుంది. భాషా శాఖలు ముందుగా బరువవుతాయి. వాటిలోనూ అల్పసంఖ్యాకుల భాష అన్నిటికన్నా ముందు. మన ఉద్యమానికీ బడ్జెట్టుకూ ముడి పడేది ఇక్కడే.

చెన్నైవైపు చూడండి. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖకు ఘనమైన చరిత్ర ఉన్నది. కోరాడ రామకృష్ణయ్య, నిడదవోలు వెంకటరావు వంటి పండితులు పనిచేసిన శాఖ అది. ఆ విశ్వవిద్యాలయపు బ్యాంకు ఖాతాలను 2024 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ స్తంభింపజేసింది. 424 కోట్ల రూపాయల పన్ను బకాయి ఉన్నదన్నది. కారణం వింటే విస్మయం కలుగుతుంది. ఖర్చులో సగానికి తక్కువే ప్రభుత్వం ఇస్తున్నది గనుక, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థకు దక్కే పన్ను మినహాయింపు దీనికి దక్కదట! ప్రభుత్వం చేయి చిన్నది చేసుకున్నది. శిక్ష పడినది విశ్వవిద్యాలయానికి. అటువంటి స్థితిలో ఏ కులపతి అయినా, ఏ ఉపకులపతి అయినా, తెలుగు శాఖలో ఖాళీ అయిన ఆచార్య పదవిని ముందుగా నింపుతాడని ఆశించగలమా?

సంపన్న దేశాలలోనూ తీరు వేరు కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం 2023లో లోటు పూడ్చుకోవడానికి 28 పట్టా కోర్సులను ఎత్తివేసింది. విదేశీ భాషలలో పట్టాలిచ్చే కోర్సులన్నీ ఆ జాబితాలో పోయాయి. స్పానిష్, చైనీస్ మాత్రం ఐచ్ఛిక పాఠాలుగా మిగిలాయి. స్పానిష్‌కే ఆ గతి పట్టినప్పుడు తక్కిన భాషల మాట చెప్పేదేమున్నది?

తలలు లెక్కపెట్టే పద్ధతిని మనం 2025లో మన రాష్ట్రంలోనే చూశాం. ఒకటవ తరగతి నుంచి మూడవ భాషపై జూన్ 17న వెలువడిన ఉత్తర్వు, తరగతిలో కనీసం 20 మంది కోరితేనే హిందీకి బదులు మరొక భారతీయ భాష నేర్పుతామన్నది. గొడవ రేగి ఆ నెలాఖరుకే ఉత్తర్వును ఉపసంహరించారు. హిందీ, మరాఠీల నడుమ అంత వాదన నడిచింది కానీ, ఆ ఇరవై అన్న అంకె ఎవరి భాషలను బయట నిలబెడుతుందో ఆలోచించినవారు అరుదు.

పొరుగువారిని విమర్శించి సొంత గడ్డను వదిలేయడం న్యాయం కాదు. తెలుగు రాష్ట్రాలు చేసినదేమిటి? 2021 నాటికి తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో మంజూరైన అధ్యాపక పదవులలో మూడింట రెండు వంతుల వరకు ఖాళీ. 1985లో అకాడమీలన్నిటినీ విలీనం చేసి స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం, రాష్ట్రం వెలుపలి తెలుగువారికి కూడా అండగా నిలవవలసిన సంస్థ, 2014 తర్వాత పదవ షెడ్యూలు పంపకాల వివాదంలో ఏళ్ళ తరబడి చిక్కుకుపోయింది. పొరుగు రాష్ట్రాల సహకారంతో 1997లో కుప్పంలో నెలకొల్పిన ద్రావిడ విశ్వవిద్యాలయం ద్రావిడ భాషలకోసమే పుట్టినది. నలుగురి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాకుండా పోయే ప్రమాదం దానికి ఎప్పుడూ ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతాలలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఎందరో పేద పిల్లలను కళాశాల గడప దాటించింది, నిజమే. కానీ ఆ సొమ్ములో పెద్ద భాగం ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలకు చేరింది. విశ్వవిద్యాలయంలో ఆచార్యుని స్థానం అలాగే ఖాళీగా ఉండిపోయింది. మహారాష్ట్ర 2024లో నిర్ణీత వర్గాల బాలికలకు వృత్తివిద్యా కోర్సులలో రుసుము మాఫీ చేసినప్పుడు మనం సంతోషించాం. మన పేటల ఆడపిల్లలకు అది మేలే. అయితే రుసుము మాఫీ వేరు, పాఠం చెప్పే మనిషి వేరు. ఎం.ఏ. తెలుగు చదవాలనుకునే పిల్లకు ఆ పథకం వర్తించదు కూడా.

ఇక మన పెద్దల అభ్యంతరాలు. మొదటిది, ముందు బడిని కాపాడండి, విశ్వవిద్యాలయం తర్వాత అనేది. వినడానికి సబబుగా ఉన్నది. కానీ తెలుగు బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఎక్కడ తయారవుతాడు? బాలభారతి తెలుగు వాచకానికి పాఠాలు కూర్చే పండితుడు ఎక్కడినుంచి వస్తాడు? పై చదువులో తెలుగు అడుగంటితే పదేళ్ళకు బడిలో తెలుగు టీచరు దొరకడు. టీచరు లేడని పిల్లలు రారు. పిల్లలు లేరని బడి మూస్తారు. పడుగు లేకుండా పేక ఒక్కటే గుడ్డ కాదని మనకు ఇతరులు నేర్పనక్కరలేదు.

రెండవది, ప్రభుత్వాన్ని ప్రాధేయపడడం ఎందుకు, సంఘం సొమ్ముతో మనమే పీఠం పెట్టుకుందామనేది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో కొప్పాక కుటుంబం విరాళంతో తెలుగు ఆచార్య పదవి ఏర్పడింది, అభినందనీయం. మన పూర్వులు కూడా తక్కువ చేయలేదు. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు సీమల నుంచి కట్టుబట్టలతో వచ్చినవారు పద్మశాలి శిక్షణ సంస్థను నిలబెట్టి, బడులు, మహిళా కళాశాల నడిపించారు. కానీ బడి కట్టించింది వారైతే, గ్రాంటు ఇచ్చిన చోట జీతాలు ఇచ్చింది ప్రభుత్వం. ఆ ఒప్పందమే ఇప్పుడు చెదురుతున్నది. డాలరు జీతం వచ్చే సంఘం ఒక ఆచార్యుని పోషించగలదు. తువ్వాళ్ళు, చాదర్ల గిరాకీ తగ్గితే వారానికి మూడు రోజులే పని దొరికే సంఘం తన భాషకు తానే జీతమివ్వాలనడం, పన్ను కట్టినవారినే మళ్ళీ చందా అడగడం అవుతుంది.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్య వరకే మాట్లాడుతుంది. పైస్థాయిలో మనకు చట్టపు ఊతం తక్కువ; ఉన్నదల్లా విశ్వవిద్యాలయపు సదుద్దేశం, దాని ఖజానా. ఖజానా ఖాళీ అయిననాడు సదుద్దేశం ఎంతకాలం నిలుస్తుంది? తెలుగు, కన్నడ భాషలకు 2008లో, మరాఠీకి 2024 అక్టోబరులో ప్రాచీన హోదా లభించింది. మూడు ప్రాచీన భాషలు ఒకే బజారులో వినిపించే నగరం మనది. గ్రాంటు విషయంలో మరాఠీ శాఖ అధ్యాపకుడు మనకు పోటీ కాదు. అతని కుర్చీ కూడా అదే కత్తి కింద ఉన్నది. తెలుగు పీఠం అడిగే వినతిపత్రంలోనే ఖాళీ పదవులన్నీ భర్తీ చేయాలని రాయడం నేర్చుకోవాలి. మన ఒక్క కోరికతో వెళితే ఇరవై మంది ఉన్నారా అని అడుగుతారు.

2016 నాటి మహారాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం అధిసభలో పట్టభద్రులు ఎన్నుకునే స్థానాలు పది ఉన్నాయి. విశ్వవిద్యాలయపు వార్షిక బడ్జెట్టు చర్చకు వచ్చేది ఆ సభ ముందుకే. అందులో ఓటు వేయాలంటే పట్టా ఉంటే చాలదు, పట్టభద్రుల జాబితాలో పేరు నమోదు కావాలి. దాజీ పేట్, సాఖర్ పేట్, భద్రావతి పేట్, విడి ఘర్‌కుల్ ఇళ్ళలో ఇనుప బీరువాలో పట్టా దాచుకున్న కోడళ్ళు, కూతుళ్ళు, కొడుకులు వందలలో ఉన్నారు. జాబితాలో పేరున్నవారెందరో ఈ నెలలో వీధి వీధికీ తిరిగి లెక్క తీయండి. లేనివారి చేత దరఖాస్తు పెట్టించండి. వచ్చే అధిసభ ఎన్నికలలో ఓటడగడానికి మన గుమ్మానికి వచ్చే అభ్యర్థిని కూర్చోబెట్టి, ఖాళీ పదవులెన్ని, గంటల లెక్కన పనిచేసేవారెందరు, తెలుగుకు ఏమిస్తావు అని అడగండి. మరాఠీలోనే అడగండి, అతనికి బాగా అర్థమయ్యేట్టు.