సైనిక పింఛనులో మాజీ భార్య వాటా ఎంత భద్రం?

అమెరికా సైన్యంలో ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరైతే బతికినంత కాలం పింఛను వస్తుంది. బదిలీ అయినప్పుడల్లా తన ఉద్యోగం మానుకుని, పిల్లల్ని కొత్త బడిలో చేర్పించి, సంసారం నెట్టుకొచ్చిన భార్యకు విడాకుల తర్వాత అందులో వాటా ఉందా? 1981లో మెకార్టీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు లేదంది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసి, ఆ పింఛనును పంచే అధికారం రాష్ట్రాల కోర్టులకిచ్చింది. ఇచ్చింది కోర్టుకు అధికారమే తప్ప ఆమెకు హామీ కాదు.

పదేళ్ల సర్వీసులో పదేళ్ల కాపురం కలిసి ఉంటేనే వాటా అని చాలామంది పొరబడతారు. ఆ షరతు రక్షణశాఖ నేరుగా ఆమెకు డబ్బు పంపడానికే. ఎనిమిదేళ్ల కాపురానికైనా కోర్టు వాటా ఇవ్వొచ్చు. కాకపోతే నెలనెలా మాజీ భర్త దగ్గరే వసూలు చేసుకోవాలి. అదెంత నరకమో మనోవర్తి కోసం కోర్టుల చుట్టూ తిరిగిన మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు దెబ్బ వైకల్య భత్యం దగ్గర తగులుతోంది. పన్ను లేని ఆ భత్యం కావాలంటే సాధారణంగా అంత మేరకు పింఛను వదులుకోవాలి. వదులుకున్నది పంపకంలోకి రాదని 1989లో మాన్సెల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉదాహరణకు, హోవెల్ దంపతులు 1991లో విడిపోయారు, భర్త పింఛనులో సగం భార్యదని కోర్టు రాసింది. 2005లో అతనికి 20 శాతం వైకల్యం తేలింది. నెలకు సుమారు 250 డాలర్ల పింఛను వదులుకున్నాడు. ఆమెకు 125 డాలర్లు తగ్గాయి. ఆ లోటు అతనే పూడ్చాలని ఆరిజోనా కోర్టులు అంటే, 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

గాయపడ్డవాడి భత్యం జోలికి ఎవరూ పోకూడదు, నిజమే. అయినా కోర్టు రాసిచ్చిన వాటా అవతలివారి సంతకంతో తరిగిపోవడం అన్యాయం. ఇరవై ఏళ్లు పూర్తిచేసి, 50 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి పింఛనూ భత్యమూ రెండూ ఇచ్చే పద్ధతి 2004లోనే మొదలైంది. కాంగ్రెస్ దాన్ని తక్కువ వైకల్యం ఉన్నవారికీ విస్తరిస్తే ఇద్దరికీ నష్టం ఉండదు.

భర్త చనిపోతే పింఛనూ ఆగిపోతుంది, ఆమె వాటాతో సహా. తర్వాత కూడా ఆదాయం ఉండాలంటే వారసుల పింఛను పథకంలో ఆమె పేరు కొనసాగించాలని కోర్టు ఉత్తర్వులో రాయించుకోవాలి. అతను నమోదు చేయకపోతే, ఆ ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా ఆమే రక్షణశాఖకు దరఖాస్తు పంపాలి.