చెవికి కుక్క కాటు.. అమెరికా పేషెంటుకు ఏడక్షరాల కోడ్, మన చీటీలో రెండే మాటలా?

సికింద్రాబాద్: కుడి చెవా, ఎడమ చెవా? పైపైన గీరుకుపోయిందా, చర్మం చీలిందా, ముక్కే ఊడిపోయిందా? కరిచింది కుక్కా, పిల్లా, మనిషా? జంటనగరాల్లో మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేసే వాళ్లకు ఈ ప్రశ్నలు కొత్త కాదు. అయితే వాళ్లు చదివే రికార్డుల్లో ఎక్కువ భాగం అమెరికా ఆసుపత్రులవి. ఇదే సికింద్రాబాద్ గల్లీలో ఓ పిల్లాడి చెవిని కుక్క కొరికితే, చేతికొచ్చే ఓపీ చీటీలో ‘డాగ్ బైట్’ అన్న రెండు మాటలే ఉండొచ్చు. చూడ్డానికి చిన్న తేడానే. కానీ వైద్యం, పోలీసు కేసు, పరిహారం.. మూడింటికీ ఆ చీటీయే ఆధారం.

ముందు అమెరికా లెక్క చూద్దాం. అక్కడ 2015 అక్టోబర్ 1 నుంచి ఐసీడీ-10-సీఎం కోడ్లు వాడుతున్నారు. కుడి చెవిపై చర్మం చీలిన కాటు గాయమైతే ఎస్01.351ఏ. ఎడమ చెవైతే 351 బదులు 352. డాక్టర్ ఏ వైపో రాయకపోతే 359. చర్మం చీలకుండా పైపై గాటైతే ఎస్00.47 కిందకు, చెవిలో కొంత తెగిపోతే ఎస్08.12 కిందకు వెళ్తుంది. చివర ఉన్న ‘ఏ’ అక్షరం దగ్గర కోర్సు నేర్చుకునే వాళ్లు తరచూ తడబడతారు. అది మొదటిసారి ఆసుపత్రికి రావడం అని కాదు, గాయానికి చికిత్స ఇంకా నడుస్తోందని అర్థం. మానే దశలో ‘డి’, ఆ తర్వాత మిగిలిపోయిన ఇబ్బందికి ‘ఎస్’ వస్తాయి.

గాయం కోడ్ ఒక్కటే సరిపోదు. ఎలా అయిందో కూడా చెప్పాలి. కుక్క కరిస్తే డబ్ల్యూ54.0, మనిషి ప్రమాదవశాత్తు కొరికితే డబ్ల్యూ50.3, కొట్లాటలో కసిగా కొరికితే వై04.1. 1997 జూన్ 28న లాస్‌వేగాస్ రింగులో హోలీఫీల్డ్ చెవిని టైసన్ కొరికింది ప్రపంచమంతా టీవీల్లో చూసింది. కానీ అలాంటి కేసులో కూడా కోడర్ తాను చూసింది రాయకూడదు. డాక్టర్ నోట్‌లో ఉన్నదే రాయాలి. లేకపోతే డాక్టర్‌నే అడగాలి.

చీటీలో లేకపోతే ఏమవుతుంది?

చెవి మెదడుకు దగ్గర, పైగా నరాలు ఎక్కువ. అందుకే తల, ముఖం, మెడ భాగాల్లో కాటును రేబిస్ విషయంలో ఎక్కువ ప్రమాదంగా చూస్తారు. చర్మం లోపలికి దిగిన పంటి గాటు ఒక్కటున్నా అది కేటగిరీ-3. అంటే వ్యాక్సిన్ ఒక్కటే చాలదు. గాయంలోకి, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కించాలి. మనిషి రక్తం నుంచి తయారైందైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసిందైతే 40. అదీ వ్యాక్సిన్ మొదలుపెట్టిన ఏడో రోజు లోపే.

చిక్కు ఇక్కడే. చర్మంలోకి ఇచ్చే వ్యాక్సిన్ డోసులు 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మొదటి రోజు గాంధీకో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో, నారాయణగూడ ఐపీఎంకో వెళ్లిన మనిషి మూడో రోజు ఇంటికి దగ్గర్లోని సెంటర్‌కు పోవచ్చు. అక్కడి డాక్టర్‌కు కనిపించేది చీటీయే. కేటగిరీ ఎంతో, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారో లేదో దానిపై లేకపోతే ఎలా తెలుస్తుంది? అప్పటికి చెవిపై డ్రెస్సింగ్ ఉంటుంది, గాయం రూపు మారిపోయి ఉంటుంది. వ్యాక్సిన్, ఇమ్యునోగ్లోబులిన్ స్టాక్ ఎప్పుడూ ఉంచాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న ఆసుపత్రులను ఆదేశించింది. స్టాక్ ఉన్నా అది ఎవరికి కావాలో చెప్పేది ఆ ఒక్క వాక్యమే.

ఇక కేసు సంగతి. కొట్లాటలో చెవి కొరికిన కేసుల్లో మనిషి పళ్లను మారణాయుధంగా చూడలేమని కోర్టులు గతంలో చెప్పాయి. దాంతో భారమంతా గాయంపైనే పడుతుంది. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం తల లేదా ముఖం శాశ్వతంగా వికృతమైతే అది తీవ్ర గాయం, ఏడేళ్ల వరకు జైలు. మామూలు గాయమైతే ఏడాది వరకే. ‘చెవికి గాయం’ అని ఒక ముక్క రాసి వదిలేసిన సర్టిఫికెట్‌తో ఆ తేడా తేల్చడం ఎవరి తరం?

కుక్క పెంపుడుదైతే ఇంకో కోణం. నిర్లక్ష్యంగా వదిలేసిన యజమానికి 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. అందుకే వీధి కుక్కా, పెంపుడుదా అన్నది మొదటి రోజే రాయించాలి.

డబ్బు లెక్క చూస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. పంజాబ్-హర్యానా హైకోర్టు 2023 నవంబర్‌లో ఒక్కో పంటి గాటుకు కనీసం రూ.10 వేలు, కండ ఊడిన చోట ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం రూ.20 వేలు పరిహారంగా లెక్కగట్టింది. ఆ తీర్పు తెలంగాణకు వర్తించదు. కానీ రేపు ఇక్కడ అలాంటి పిటిషన్ పడితే పంటి గాట్లు లెక్కపెట్టి ఉన్న రికార్డు ఎంతమంది దగ్గర దొరుకుతుంది?

2024లో దేశవ్యాప్తంగా 37,17,336 కుక్క కాటు కేసులు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అంత పెద్ద అంకెలో ఏ కాటు ముఖంపైనో, ఏది కాలిపైనో తెలియదు. అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల బాలుడిని వీధి కుక్కలు చంపేశాక కుక్కల సంఖ్యపై బోలెడు చర్చ జరిగింది. చీటీపై ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

రద్దీ ఓపీలో డాక్టర్‌కు టైమ్ ఉండదన్నది నిజమే. అయినా రాయాల్సింది మూడు లైన్లకు మించదు: ఏ చెవి, ఎంత లోతు, ముక్క పోయిందా, కేటగిరీ, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చిన టైమ్. బాధితుల వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. ముందు సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కట్టు కట్టకముందే సెల్‌ఫోన్‌లో గాయం ఫొటో తీసుకోవాలి. కౌంటర్ దగ్గర నుంచి కదిలే ముందు చీటీలో కేటగిరీ రాశారా లేదా చూసుకుని, లేకపోతే అక్కడే అడిగి రాయించుకోవాలి.