చిన్న తూటా, దూరపు గురి

తుపాకి యను మాట చెవిని బడినంతనే మన పల్లెలలోని తల్లులకు గుండె ఝల్లుమనును. ఆ భయము నిష్కారణమైనది కాదు. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణమున జరిగిన సాయుధ పోరాటమును, రజాకారుల దౌర్జన్యములను పెద్దలు చెప్పగా విని పెరిగినవారము మనము. పిమ్మటి దశాబ్దములలో నక్సలైటులకును పోలీసులకును నడుమ నలిగిన గ్రామములు తెలంగాణమున నెన్నియో కలవు. ఇట్టి నేలపై నిలిచి, పాఠశాలలోని బాలబాలికలకు రైఫిలు గురి నేర్పవలెనని వ్రాయబూనుట కొందఱకు వింతగ తోచవచ్చును. అయినను చదువరులు తుదివఱకు ఓపికతో చదివి, ఆ పిమ్మటనే తీర్పు చెప్పుదురు గాక యని వేడుచున్నాను.

నేను చెప్పబోవునది యుద్ధపు తుపాకిని గూర్చి కాదు. వేట తుపాకిని గూర్చియు కాదు. పాయింటు టూటూ అని లోకులు పిలుచు చిన్న రైఫిలుతో, దూరమున నిలిపిన కాగితపు గురిని కొట్టు విద్యను గూర్చి మాత్రమే. ఈ విద్య మన విద్యార్థులకు అందవలెననియు, అందును పట్టణమునకు పోయి సొమ్ము చెల్లింపజాలని బీదపిల్లలకు ముందుగ అందవలెననియు నా అభిప్రాయము.

మొదట ఆ తూటా యెట్టిదో తెలిసికొందము. దాని గుండు 0.22 అంగుళముల, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్ల లావు గలది, కందిగింజంత యనుకొనవచ్చును. తూకము 40 గ్రెయినులు, అనగా 2.6 గ్రాములు. పెద్ద తూటాలకు రంజకము అడుగుభాగపు నడుమ నుండును. దీనికో, ఇత్తడి గుల్ల యడుగున చుట్టును గల అంచు మడతలోనే రంజకము నింపబడి యుండును. రైఫిలులోని సూది ఆ అంచును కొట్టినంతనే నిప్పు పుట్టును. 1845లో ఫ్రాన్సు దేశస్థుడగు ఫ్లోబేరు ఇండ్లలో గురి యాట యాడుకొనుటకై ఇట్టి చిన్న తూటాను కల్పించెను. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు దానిని మెఱుగుపఱచిరి. నేడు లోకమంతట గురి పోటీలలో వాడబడు లాంగ్ రైఫిల్ తూటా 1887లో ఆ దేశముననే స్టీవెన్సు కంపెనీవారు వెలువఱచినది. కావున దీని వంశమునకు మూలపురుషుడు రణరంగమున పుట్టలేదు, ఆటస్థలమున పుట్టెను.

బోయరు యుద్ధకాలమున, తమ ప్రజలకు గురి తెలియదని చింతించిన ఆంగ్లేయులు 1901లో చిన్న రైఫిలు క్లబ్బుల సంఘమును స్థాపించిరి. సేనాని లార్డు రాబర్ట్సు దానిని ప్రోత్సహించెను. పెద్ద రైఫిలునకు విశాలమైన మైదానమును, వెలగల తూటాలును కావలెను. చిన్నదానికి కొలది స్థలము, కొలది వ్యయము చాలును. అందుచే పగలెల్ల పాటుపడిన పనివారు సాయంకాలమున వచ్చి అభ్యసింపగలిగిరి. దేశరక్షణకై పుట్టిన ఆ యభ్యాసము క్రమముగ బీదసాదల క్రీడయైనది.

ఇక దూరపు సంగతి. మంచి గురి తూటా సెకండునకు సుమారు 330 మీటర్ల వేగముతో బయలువెడలును. బయలువెడలిన క్షణముననే అది నేలకు దిగుట ఆరంభించును. గొట్టము చూచిన సూటిగీత నుండి 50 మీటర్లకు సుమారు 5 అంగుళములు, 100 మీటర్లకు సుమారు 20 అంగుళములు, 200 మీటర్లకు 7 అడుగులు దిగును. దూరము రెట్టింపైన పతనము నాలుగింతలు, వేగము తగ్గుటచే ఇంకను కొంచెము హెచ్చు. భౌతికశాస్త్రమున గెలీలియో పేరిట బాలురు కంఠస్థము చేయు సూత్రము ఇక్కడ కాగితముపై కంటికి కనబడును. దృష్టిసాధనమును సరిపఱచుటకు త్రైరాశికమును, కోణములును రావలెను. గణితము దేనికి పనికివచ్చునండీ యని నన్ను ప్రతి సంవత్సరము అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి యుత్తరము నాకు తెలియదు.

గాలి మాట మఱియు వింతైనది. గంటకు పది మైళ్ల వేగముతో అడ్డముగ వీచు గాలి ఈ గుండును 50 మీటర్లలో సుమారు ఒక అంగుళము, 100 మీటర్లలో మూడంగుళములకు మించి ప్రక్కకు నెట్టును. ఒలింపిక్ పద్ధతి గురికాగితమున పది గుణముల వలయము అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే, చిటికెనవ్రేలి గోరంత. ఆ యంగుళపు తప్పుచే పది గుణములు ఎనిమిదో, ఏడో యగును. మన చెఱువుగట్టు మీది తుంగ ఎటు వంగుచున్నదో చూచి గాలి చెప్పగల పల్లెబాలునికి ఈ విద్యలో సగము పుట్టుకతోనే వచ్చినదనవచ్చును.

ఇంకొక విశేషము గలదు. వేగము హెచ్చించినచో గాలికి తప్పించుకొనవచ్చునని మనమందఱము తలంతుము. అది నిజము కాదు. ఇదే గుండును సెకండునకు 380 మీటర్ల వేగముతో పంపినచో, అది ధ్వనివేగమును దాటినందున గాలి దానిని మఱింత గట్టిగ అడ్డును; వేగమును త్వరగ పోగొట్టుకొని, నెమ్మదిగ పోవు గుండుకంటె ఎక్కువగ ప్రక్కకు తొలగును. అందువలననే పోటీలలో నేర్పరులు ధ్వనికంటె కొంచెము తక్కువ వేగము గల తూటానే కోరుదురు. త్వరపడినవాడు గాలికి ఎక్కువ లోబడునను ఈ పాఠము పరీక్షల నెలలో మన విద్యార్థులు తలచుకొనదగినది కాదా?

బలమైన రైఫిలు నేర్వనివాని తప్పును కొంత కప్పిపుచ్చును. ఈ దుర్బలమైన తూటా ఏ తప్పును దాచదు. ఊపిరి నిలుపుటలో కొంచెము తొందర, మీట నొక్కుటలో కొంచెము కుదుపు, మనస్సులో కొంచెము గర్వము, అన్నియు కాగితముపై రంధ్రములుగ కనబడును. గురువు కోపపడనక్కఱ లేదు, పొగడనక్కఱయు లేదు. కాగితము నిజము చెప్పును. మార్కులకై బేరమాడుట అలవాటైన కాలమున బేరమునకు లోబడని పరీక్షకుడు దొరకుట బాలురకు గొప్ప మేలు.

దీనికి మన హైదరాబాదులోనే దృష్టాంతములు గలవు. అచ్చట పెరిగిన గగన్ నారంగ్ 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలలో గాలి రైఫిలు పోటీయందు 600కు 595 గుణములు సంపాదించియు, సమానగుణములు వచ్చినవారి లెక్కలో వెనుకబడి, తుదిపోటీకి అర్హుడు కాలేదు. అదే యాటలో 2012లో లండనున 701.1 గుణములతో కంచుపతకమును గైకొనెను. చిన్న రైఫిలుతో 50 మీటర్ల దూరమున పరుండి కొట్టు పోటీలో 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలయందు వెండిపతకము నందెను. 595 వచ్చినను చాలని చోట నాలుగేండ్లు మరల మొదటినుండి అభ్యసించిన ఆ పట్టుదలను, ఒక్క మార్కు తగ్గిన కన్నీరు పెట్టు మన పిల్లలు గ్రహింపవలెను. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో నాలుగు పతకములు గెలిచెను. అందు రెండు, ఇదే జాతి చిన్న తూటాను వాడు 25 మీటర్ల పిస్తోలు పోటీలలో వచ్చినవి. చెవులు వినబడని ధనుష్ శ్రీకాంత్ అను హైదరాబాదు యువకుడు 2022లో బ్రెజిలున జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో గాలి రైఫిలుతో బంగారుపతకము గెలిచెను. 2024లో పారిసునందు పొరుగు రాష్ట్రమగు మహారాష్ట్ర యువకుడు స్వప్నిల్ కుసాలే చిన్న రైఫిలుతోనే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కంచుపతకము నందెను. ఆడపిల్ల యనియు, అంగవైకల్యము గలవాడనియు భేదము చూపని క్రీడ ఇది. బలిష్ఠుడే గెలుచునను నియమము ఇందు లేదు.

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తము. “సమాధానమును బోధించు మిషను పాఠశాలలో తుపాకి చప్పుడేల?” యని పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్నను నేను తేలికగ తీసివేయను. అయితే తుపాకి మన పిల్లల చేతికి ఇదివఱకే వచ్చినదని వారు గమనింపవలెను. సెల్ ఫోను ఆటలలో వారు దినమునకు ఎందఱినో కాల్చుచున్నారు. ఆ యాటలో కాల్చుటకు భయపడనక్కఱ లేదు. చచ్చినవాడు మరల లేచును. చేసినదానికి లెక్క చెప్పవలసినది లేదు. చలనచిత్రములలో కథానాయకుడు చూడకయే కాల్చును, తప్పకయే తగులును. నిజమైన చాందుమారిలో మొదటి దినముననే బాలునికి తెలియవచ్చునదేమనగా, ఈ కందిగింజంత గుండు ఒక మైలునకు మించి పోగలదు. దాని వెనుక మట్టిదిబ్బ లేనిదే మీట తాకరాదు. గొట్టము మనుష్యునివైపు త్రిప్పరాదు, ఖాళీగ నున్నను త్రిప్పరాదు. ఆగుమన్న మాట వినబడినంతనే చేయి తీయవలెను. శక్తి చేతనుండగ దానిని నిగ్రహించుటయే ఈ విద్యకు ప్రథమపాఠము. సమాధానమును కోరువారు ఇంతకంటె ఏమి కోరుదురు?

కాని నాదియు ఒక నిబంధన కలదు. గురికాగితముపై గుండ్రని వలయములే యుండవలెను, మనుష్యాకృతి ఉండరాదు. పక్షిని గాని, కుందేలును గాని, కోతిని గాని ఎన్నడును కొట్టరాదు. చిన్న తూటా దూరమున జంతువును చంపక గాయపఱచి బాధించును. వన్యప్రాణులను 1972 నాటి చట్టము కాపాడుచున్నది. ఇండ్లలోగాని చేలలోగాని నాటుతుపాకి పట్టి పిల్లలతో ఆడించువారికి నా వ్రాత ఏ విధమునను తోడు కాదు. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము సామాన్యముగ 21 ఏండ్లు నిండనివారు తుపాకి కలిగియుండరాదు. శిక్షణ నిమిత్తము మాత్రము నియమములకు లోబడి వాడుటకు వీలు కలదు. గురి యభ్యాసమునకై రైఫిలు క్లబ్బు సభ్యుడు వాడు పాయింటు టూటూ రైఫిలును ఆ చట్టమే ప్రత్యేకముగ పేర్కొన్నది. చట్టము తెఱచిన ద్వారముననే మనము ప్రవేశింపవలెను.

“సొమ్మెక్కడిది?” అనునది రెండవ యాక్షేపణ. ఇదియే నిజమైన కష్టము. మంచి రైఫిలు, మంచి తూటాలు కొనుట నిజాంపేట రైతుకు శక్యము కాదు. అందువలన పతకములు పట్టణపు పిల్లలకును, పల్లెబాలురకు చప్పట్లు కొట్టుటయు మిగులుచున్నవి. మనకు గల మార్గము నేషనల్ కాడెట్ కోర్. 1948లో చట్టముచే ఏర్పడి, 1949 నుండి బాలికలకును తెఱువబడిన ఆ సంస్థ చిన్న రైఫిలును పాఠశాల బాలునికి పైకము లేకుండ అందించునది. కాని పలుచోట్ల ఆ గురి, శిబిరమున ఒక్కసారి కొన్ని తూటాలు కాల్చి, నమోదు పుస్తకమున గుఱుతు పెట్టుటతో ముగియుచున్నది. అట్లుగాక సంవత్సరమెల్ల సాగవలెనని నా మనవి.

ఎట్లు సాగును? మొదటిది, ఈ విద్యలో పెద్దభాగము తూటా లేకయే నేర్వవచ్చును. అధికారి పరీక్షించి ఖాళీ యని రూఢిపఱచిన రైఫిలుతో పరుండుట, ఊపిరి నిలుపుట, కదలక మీట నొక్కుట ఒలింపిక్ వీరులును నిత్యము చేయు సాధన. దానికి వ్యయము లేదు. రెండవది, ప్రతి విద్యార్థికిని ఒక గుణముల పుస్తకము ఉండవలెను; గాలి, వెలుతురు, ఫలితము తానే వ్రాయవలెను. మూడవది, తపాలా పోటీ. 1909 నుండి బ్రిటనుకును అమెరికాకును నడుమ డ్యూయరు పాత్రకై చిన్న రైఫిలు పోటీ జరుగుచున్నది. ఇరుపక్షములును 50, 100 గజముల దూరములకు తమ తమ దేశములయందే కాల్చి గుణములను పోల్చుకొందురు. సముద్రము దాటనక్కఱ లేదు. మెదకు జిల్లాలో కాడెట్ దళములు గల పాఠశాలలు ఇట్లే, పొరుగు బడి ఉపాధ్యాయుని యెదుట కాల్చి, కాగితములను తపాలాలో పంపుకొనరాదా? బస్సు ఖర్చు సైతము లేని ఈ పోటీలో బీదబడి ధనికబడి సమానములు. అందు మేటిగ నిలిచినవారిని మావలంకరు పేరిట జరుగు అఖిల భారత పోటీలకు సిద్ధపఱుపవచ్చును. లోక్‌సభ మొదటి సభాపతియగు ఆయనయే 1951లో ఏర్పడిన జాతీయ రైఫిలు సంఘమునకు తొలి అధ్యక్షుడు.

తలిదండ్రులారా! మీ బిడ్డను సిపాయిని చేయుడని నేను కోరుట లేదు. స్థిరమైన చేయి, నిజము వ్రాయు కలము, ఆగుమన్నచోట ఆగు బుద్ధి మీ బిడ్డకు కలుగవలెనని కోరుచున్నాను. ఉపాధ్యాయ సోదరులారా! కాడెట్ దళమునకు వచ్చిన తూటాలు ఏటేట లెక్కకై కాల్చివేయక, శిక్షణకై కాల్పింపుడు. విద్యార్థులారా! కాగితమున రంధ్రము ప్రక్కకు పడిన దినమున రైఫిలును నిందింపకుడు, గాలిని నిందింపకుడు. గాలి ఎంత వీచినదో పుస్తకమున వ్రాసికొని, దృష్టిసాధనమును ఒక్క మెట్టు త్రిప్పి, నెమ్మదిగ ఊపిరి పీల్చి, తరువాతి గుండునకు సిద్ధపడుడు.