గుండు పడ్డా కూలకూడదని కట్టిన చర్చి

చెన్నైలోని సెయింట్ జార్జి కోట లోపల సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లినవాళ్లకు మొదట వినిపించేది 1753లో అక్కడ జరిగిన రాబర్ట్ క్లైవ్ పెళ్లి కథే. అంతకన్నా గొప్ప కథ దాని కట్టడంలో ఉంది. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించిన ఈ ఆంగ్లికన్ చర్చిని కోటలోని ఆంగ్లేయులు చందాలు వేసుకుని కట్టుకున్నారు. గోడల మందం సుమారు నాలుగు అడుగులు. పైకప్పులో కలప దూలం లేదు. ఫిరంగి గుండు పడ్డా ఆగాలని రెండడుగుల మందాన ఇటుకతో కమానుగా తిప్పారు. ఆ జాగ్రత్త వృథా పోలేదు. 1758-59లో ఫ్రెంచివాళ్ల ముట్టడిని దాటి చర్చి నిలబడింది. ఆవరణలో కాళ్ల కింద పరుచుకున్నవి మామూలు బండలు కావు, పాత శ్మశానం నుంచి తెచ్చిన సమాధి పలకలు. వంగి చూస్తే లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. సందర్శకులకు ముందుగా ఆ కప్పును, ఈ పలకలను చూపించాలి. క్లైవ్ పెళ్లి సంగతి ఆ తర్వాత చెప్పొచ్చు.