ఎక్సెల్ బండిని మార్జిన్‌లోకి తోసేయకండి

“టీవీఎస్ బండేగా, ఓ పక్కన పోతుందిలే” అనుకునే లారీ డ్రైవరూ, “మనదెంత బండి, అంచున పోదాం” అనుకునే ఎక్సెల్ ఆసామీ ఒకే తప్పు చేస్తున్నారు. నేను ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. తెనాలి–రేపల్లె, రేపల్లె–బాపట్ల రూట్లు నాకు కొట్టిన పిండి. ఇప్పుడు నాదీ ఎక్సెలే. తారు అంచు పట్టుకుని నడిపితే క్షేమమన్న మాట నేను ఒప్పుకోను.

ఎందుకో బస్సు సీట్లోంచే చెబుతాను. అంచున పోయే మోపెడ్‌ని చూసి డ్రైవరు కుడికి జరగడు. సందుందిలే అని అదే వరసలో వచ్చేస్తాడు. తన సీటు దాటగానే ఆ బండి వెనకబడిపోయినట్టే అతని లెక్క. కానీ వెనక ఇంకా పాతిక ముప్పై అడుగుల బాడీ ఉంటుంది. ఎదురుగా ఇంకో బస్సు కనబడితే స్టీరింగ్ ఎడమకు తిప్పుతాడు. ఆ బాడీ కాస్తా మోపెడ్ హ్యాండిల్ మీదికొస్తుంది. అద్దంలో చూసుకోవచ్చుగా అంటారు. ముందు చక్రం పక్కన నక్కిన బండి ఎడమ అద్దంలో పడదండీ. అదే బండి అంచుకి ఓ మీటరు లోపలగా, నిలకడగా పోతుంటే వెనకవాడికి రెండే దార్లు: కుడికి జరిగి దాటడం, లేదా ఎదురుబండి వెళ్లేదాకా ఆగడం. హారన్ కొడతాడు. కొట్టనివ్వండి. కాస్త వెడల్పున్న చోట సైడివ్వండి, సరిపోతుంది.

మన డెల్టాలో మార్జిన్ల సంగతి తెలిసిందే. వానలకు మట్టి కోసుకుపోయి తారు పక్కన జానెడు దిగుడు పడుతుంది. కొన్నిచోట్ల ఆ పక్కనే కాలవ. ఎక్సెల్ టైరు వెడల్పు రెండున్నర అంగుళాలు. దిగిన చక్రాన్ని పరుగు మీదే పైకెక్కించబోతే తారు అంచు దాన్ని పట్టేస్తుంది, బండి కుడివైపు, అంటే లారీ కిందికి పడుతుంది. దిగితే ఆపేసి, తిన్నగా ఎక్కించుకోవాలి. కోతలప్పుడు అదే అంచున ధాన్యం, మొక్కజొన్న, వాటి చుట్టూ రాళ్లు. అంచునే వస్తున్నవాడు రాయి చూడగానే కుడికి కోస్తాడు. వెనక చూద్దామంటే అద్దం ఉండదు, పాల క్యాన్లకు అడ్డమని ఎప్పుడో పీకేసి ఉంటాడు. మెడ తిప్పితే కనబడేది తన గడ్డిమోపే! చీకటి పడ్డాక ఆ మోపు వెనక లైటును కూడా మింగేస్తుంది. మోపుకే ఓ రిఫ్లెక్టర్ కట్టుకుంటే ఏం పోయింది?

216 జాతీయ రహదారి మీద మాత్రం ఈ మీటరు లెక్క వద్దు. అక్కడి వేగం మనకు అందేది కాదు. తెల్లగీత అవతల కూడా తారున్న చోట అందులోనే పోవాలి. ముందు లారీ ఆగి ఉంటే దూరంనుంచే అద్దం చూసుకుని గీత లోపలికి రావాలి. “ఎంత, రెండు ఫర్లాంగులేగా” అని అదే దారిలో ఎదురొచ్చేవాళ్లను చూస్తే నా నోరు ఆగదు.

ఇంకో మాట. పదహారేళ్ల పిల్లాడి చేతికి తాళమిచ్చి ఎరువు కట్ట తెమ్మంటున్నాం. చట్టం ఆ వయసుకి 50 సీసీ దాకానే ఒప్పుకుంది. 1980లో వచ్చిన టీవీఎస్ 50 నాటి అలవాటిది. ఇప్పటి ఎక్సెల్ ఇంజను దాదాపు 100 సీసీ.

రోడ్డు మీద ధాన్యం పోసిన రైతును తిట్టి లాభం లేదు, కల్లం లేకే రోడ్డెక్కాడు. ఊరికో కాంక్రీటు కల్లం ఇవ్వండి. వానలు వెలిశాక, కోతలకు ముందే, మార్జిన్లకు గ్రావెల్ పోసి తారుతో సమం చేయండి. డిపోల్లో డ్రైవర్లకు పాఠాలు చెప్పేవాళ్లు ఓ పూట వాళ్లను క్యాన్లు కట్టిన ఎక్సెల్ ఎక్కించి తెనాలి నుంచి వేమూరు దాకా పంపి చూడండి. బస్సు పక్కనుంచి రాసుకుపోతే హ్యాండిల్ ఎలా వణుకుతుందో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.