పిడికెడు జనం, లెక్క తప్పని పండుగ

పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా నౌరు అనే దీవి ఉంది. పటంలో ఆ పేరు పట్టినంత చోటు కూడా దేశానికి ఉండదు. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. జనం పన్నెండు వేలకు అటూ ఇటూ. అంటే పట్నంలో ఒక పేటంత! అయినా 1999 నుంచి ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశం. ఈ సంచికకు నేను ఆ దీవినే ఎంచుకోవడానికి కారణం వారి పండుగ ఒకటి.

1920లో ఇన్‌ఫ్లూయెంజా జ్వరాలు వచ్చి నౌరు జాతిని ఊడ్చిపెట్టాయి. వెయ్యి మంది పైచిలుకు మిగిలారు. జాతి నిలవాలంటే కనీసం 1,500 మంది ఉండాలని అప్పటి పాలనాధికారి అన్నాడు. అప్పటి నుంచి పుట్టిన ప్రతి బిడ్డా లెక్కలోకి వచ్చింది. 1932 అక్టోబరు 26న ఒక ఆడపిల్ల పుట్టి ఆ లెక్క నింపింది. ఆ రోజును ‘అంగమ్’ అన్నారు. ఆ మాటకు ఇల్లు చేరడమనీ, అనుకున్నది సాధించడమనీ అర్థం చెబుతారు.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. యుద్ధకాలంలో, 1943లో, జపాన్ సైన్యం 1,200 మందిని చూక్ దీవులకు తరలించింది. ఆకలికీ రోగాలకూ తట్టుకుని 1946 జనవరి 31న తిరిగి వచ్చింది 737 మందే. మళ్ళీ లెక్క మొదలు! 1949లో మరోసారి 1,500 అయ్యారు. 1968లో స్వాతంత్ర్యం తీసుకోవడానికి కూడా ఆ జనవరి 31నే ఎంచుకున్నారు.

ఇక సంపద సంగతి. ఆ నేల నిండా ఫాస్ఫేట్, పొలాలకు ఎరువు. 1907 నుంచి పరాయివారు తవ్వి పట్టుకుపోగా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలు పచ్చబడ్డాయి. 1970లో గనులు నౌరు చేతికి వచ్చాయి. తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందువరుస, ఆదాయపు పన్ను లేదు, సొంత విమానాలు, మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల మేడ. లండన్‌లో ఒక సంగీత నాటకానికి కూడా పెట్టుబడి పెట్టి 1993లో నష్టపోయారు. ఫాస్ఫేట్ తరిగింది, అప్పులు పెరిగాయి. 2004లో ఆ మేడ అమ్ముడుపోయింది.

తవ్విన మేర దీవి నడిమి భాగమంతా మొనదేలిన సున్నపురాళ్ళు. పంట లేదు, నీడ లేదు. ఒడ్డు వెంబడి సన్నని పట్టీలోనే ఇళ్ళు, ఒక చుట్టురోడ్డు, ఒక విమానాశ్రయం. విమానం దిగేవేళ రోడ్డు మీద బళ్ళు ఆపుతారు. నది లేదు, వాననీరు, ఉప్పు తీసిన సముద్రపు నీరే ఆధారం. గనుల నష్టం గురించి 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళారు. 1993లో 10 కోట్ల 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. చేపలవేట లైసెన్సులు, ఆశ్రయం కోరి వచ్చినవారి కోసం ఆస్ట్రేలియా నడిపిన శిబిరాలు తర్వాతి రాబడి మార్గాలయ్యాయి. ఆ శిబిరాల మీద విమర్శలూ తక్కువ కాదు.

2015లో రాబోయే తరాల కోసమని కొత్త నిధి ఒకటి ఏర్పరిచారు. మొదటి నిధి కరిగిపోయాక వచ్చిన తెలివి ఇది. తక్కువమందిగా బతకడమంటే ఏమిటో ఎరిగిన మన పాఠకులకు ఒక్క మాట మనవి చేస్తాను. మనుషులను అంత జాగ్రత్తగా లెక్కపెట్టుకున్న ఆ జాతి డబ్బును కూడా అలాగే లెక్కపెట్టుకుని ఉంటే, నేడు నౌరు పిల్లలు ఆ రాళ్ళ మధ్య చెట్లు నాటుకుంటూ ఉండేవారు. అంగమ్ పండుగ మాత్రం ఏటా అక్టోబరు 26న జరుగుతూనే ఉంది.